32 మెగాబైట్లా, 96 మెగాబైట్లా: రైజెన్ 5700ఎక్స్, 5800ఎక్స్3డీల బేరీజు

2022 ఏప్రిల్‌లో ఏఎండీ సంస్థ పదహారు రోజుల తేడాతో రెండు డెస్క్‌టాప్ ప్రాసెసర్లను విడుదల చేసింది. 4వ తేదీన వచ్చిన రైజెన్ 7 5700ఎక్స్ ధర 299 డాలర్లు, 20వ తేదీన వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ధర 449 డాలర్లు. రెండింటిలోనూ ఎనిమిదేసి కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పదహారేసి థ్రెడ్లు (ఏకకాలంలో నడిపే పనుల వరుసలు) ఉన్నాయి. రెండూ జెన్ 3 అనే ఏఎండీ కోర్ నిర్మాణానికి చెందినవే, రెండింటి కోర్లూ తైవాన్ చిప్ తయారీ సంస్థ టీఎస్‌ఎంసీ 7 నానోమీటర్ల పద్ధతిలో తయారైనవే, రెండూ మదర్‌బోర్డు మీది ఏఎం4 సాకెట్‌లోనే కూర్చుంటాయి. మూల వేగం (బేస్ క్లాక్) రెండింటికీ 3.4 గిగాహెర్ట్జ్. గరిష్ఠ వేగానికి వస్తే 5700ఎక్స్ 4.6 గిగాహెర్ట్జ్ వరకు వెళుతుంది, 5800ఎక్స్3డీ 4.5 దగ్గరే ఆగిపోతుంది. పెట్టె మీది అంకెలను మాత్రమే చదివి కొనే మనిషికి ఇది వింతగా తోస్తుంది: 150 డాలర్లు ఎక్కువ తీసుకుని ఇస్తున్నది కాస్త తక్కువ వేగమా అన్న సందేహం రావడం సహజం.

అసలు తేడా మూడో అంచె కాష్‌లో, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీలో ఉంది. 5700ఎక్స్‌లో అది 32 మెగాబైట్లు, 5800ఎక్స్3డీలో 96 మెగాబైట్లు. ఈ రెండింటినే పోల్చాలని నేను అనుకోవడానికి కారణం కూడా ఇదే. వేర్వేరు సంస్థల ప్రాసెసర్లను పోల్చినప్పుడు కోర్ల నిర్మాణం వేరు, మదర్‌బోర్డు వేరు, ఒక్కోసారి మెమరీ రకమే వేరు కాబట్టి, చివరికి వచ్చిన ఫలితం దేనివల్ల వచ్చిందో, మనం పెట్టిన డబ్బు దేనికి చెల్లిందో తేల్చడం కష్టం. ఇక్కడ మాత్రం దాదాపు అన్నీ సమానంగా ఉండి ఒకే ఒక్క ప్రధానమైన అంశం మారుతుంది. నేను ఈ రెండు ప్రాసెసర్లను ఒకే మదర్‌బోర్డులో, అవే ర్యామ్ కడ్డీలతో, అదే గ్రాఫిక్స్ కార్డుతో ఒకదాని తరువాత ఒకటి వాడాను. కాబట్టి కాష్ విలువ ఎంత అన్న ప్రశ్నకు ఇంతకంటే శుభ్రమైన పరీక్ష సామాన్య వినియోగదారుడికి దొరకదని నా నమ్మకం.

కాష్ చేసే పని ఏమిటో అంకెలతో చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. ప్రాసెసర్ కోర్‌కు ఏదైనా సమాచారం కావలసి వచ్చినప్పుడు అది ముందుగా తనకు అతి దగ్గరగా ఉన్న చిన్న కాష్‌లలో వెతుకుతుంది, దొరకకపోతే మూడో అంచెకు వెళుతుంది, అక్కడా లేకపోతే మదర్‌బోర్డు మీది ర్యామ్‌కు వెళ్లక తప్పదు. జెన్ 3 ప్రాసెసర్లలో మూడో అంచె నుంచి సమాచారం తేవడానికి సుమారు 46 క్లాక్ చక్రాలు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు) పడుతుంది. అదనపు పొర చేర్చిన 5800ఎక్స్3డీలో అది మరో నాలుగు చక్రాలు పెరుగుతుంది. 4.5 గిగాహెర్ట్జ్ వేగంలో 50 చక్రాలంటే దాదాపు 11 నానోసెకన్లు. అదే డీడీఆర్4 ర్యామ్ నుంచి తేవాలంటే 60 నుంచి 80 నానోసెకన్లు, అంటే సుమారు 300 చక్రాలు పడుతుంది. పనిముట్టు చేతికందే దూరంలో ఉన్న పనివాడికీ, ప్రతిసారీ గోదాము దాకా నడిచి వెళ్లి తెచ్చుకునే పనివాడికీ ఉన్న తేడా ఇది. రెండోవాడి చేయి ఎంత చురుకైనదైనా నడకలో పోయిన సమయం తిరిగి రాదు. 100 మెగాహెర్ట్జ్ అదనపు వేగం అన్నది చేతి చురుకుదనం, 64 మెగాబైట్ల అదనపు కాష్ అన్నది తగ్గిన నడక.

ఆ 64 మెగాబైట్లను అమర్చిన తీరు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ధరలోని తేడాకూ, కొన్ని ఇబ్బందులకూ మూలం అక్కడే ఉంది. మామూలు కాష్ కోర్ల పక్కనే అదే సిలికాన్ ముక్కలో ఉంటుంది. 5800ఎక్స్3డీలో అదనపు కాష్‌ను వేరే సిలికాన్ ముక్కగా తయారు చేసి, మొదటి ముక్కలోని కాష్ ప్రాంతం మీద పొరలా పేర్చారు. రెండు ముక్కల మధ్య టంకం చుక్కలు ఉండవు, రాగి నేరుగా రాగితో అతుక్కుంటుంది. అందువల్లే పైపొరకు వెళ్లి రావడానికి నాలుగు చక్రాలు మాత్రమే అదనంగా పడుతున్నాయి. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచిన సంగతి ఏమిటంటే, 2020లో మొదటి జెన్ 3 ప్రాసెసర్లు వచ్చిన నాటికే ఈ పొరను తగిలించడానికి కావలసిన చోటును ఆ సిలికాన్‌లో కేటాయించి పెట్టారు. అంటే మన 5700ఎక్స్‌లోని ముక్కలోనూ ఆ ఏర్పాటు ఉంది, దాని మీద పొర పేర్చలేదు, అంతే. ఈ పొరను సర్వర్ ప్రాసెసర్లలోనూ వాడారు. 2022 మార్చిలో వచ్చిన మిలాన్ ఎక్స్ తరగతి ఎపిక్ ప్రాసెసర్లలో మూడో అంచె కాష్ మొత్తం 768 మెగాబైట్ల దాకా చేరింది, ద్రవాల ప్రవాహాన్ని లెక్కగట్టే ఇంజినీరింగ్ పనులకు దానివల్ల మేలు కలిగింది.

పొర పేర్చడం వల్ల నష్టమూ ఉంది. కాష్ ముక్క కింది ముక్కను పూర్తిగా కప్పదు కాబట్టి, ఎత్తు సమానంగా ఉండేందుకు కోర్ల మీద ఖాళీ సిలికాన్‌ను ఉంచారు. కోర్లలో పుట్టిన వేడి ఆ అదనపు మందాన్ని దాటుకుని పైకి రావాలి. పైగా ఈ ప్రాసెసర్‌కు ఇచ్చే వోల్టేజీ 1.35 వోల్టులకు మించకూడదు. అందుకే గరిష్ఠ వేగం 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగింది, అందుకే దీని క్లాక్ వేగాన్ని వినియోగదారుడు పెంచుకునే వీలు లేకుండా ఏఎండీ మూసివేసింది. 5700ఎక్స్‌కు అటువంటి కట్టడి లేదు.

ఇక పనితీరు. వీడియో రెండరింగ్, త్రీడీ చిత్రాల రెండరింగ్, ఫైళ్లను కుదించడం వంటి పనులలో ఈ రెండు ప్రాసెసర్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అన్ని కోర్లనూ పూర్తిగా వాడే పనిలో 5800ఎక్స్3డీ కొద్దిగా ముందుంటుంది. అయితే ఆ ఆధిక్యం కాష్ వల్ల వచ్చింది కాదు. 5700ఎక్స్‌కు డిఫాల్ట్‌గా 76 వాట్ల విద్యుత్తు మాత్రమే అందుతుంది, 5800ఎక్స్3డీకి 142 వాట్ల వరకు అనుమతి ఉంది. బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగులలో, ఆ హద్దును సడలిస్తే 5700ఎక్స్ ఆ ఖాళీని చాలావరకు పూడ్చుకుంటుంది. ఒకే కోర్ మీద నడిచే పనులలో 5700ఎక్స్ స్వల్పంగా ముందుంటుంది. ఇటువంటి పనుల కోసమే కంప్యూటర్ కొనేవారికి 150 డాలర్ల అదనపు ఖర్చులో నాకు ఏ న్యాయమూ కనిపించడం లేదు. నా వీడియో ఎడిటింగ్‌లో ప్రాసెసర్ మార్చిన సంగతే నాకు తెలియలేదు.

ఆటల విషయంలో కథ మారుతుంది, అయితే అన్ని ఆటలలోనూ కాదు. ఈ ప్రాసెసర్‌ను పరిచయం చేసినప్పుడు ఏఎండీ చెప్పిన మాట ప్రకారం 1080పీ రిజల్యూషన్‌లో (తెర మీద 1920×1080 చుక్కలు) ఇది పన్నెండు కోర్ల రైజెన్ 9 5900ఎక్స్ కంటే సగటున 15 శాతం వేగం. తయారీదారు చెప్పిన సగటును నేను ఎప్పుడూ సగం నమ్మకంతోనే చదువుతాను, ఎందుకంటే సగటు అన్నది ఇక్కడ అసలు విషయాన్ని దాచిపెడుతుంది. కొన్ని ఆటలలో తేడా దాదాపు శూన్యం, మరికొన్నింటిలో 30 శాతాన్ని దాటుతుంది. వేల కొద్దీ వస్తువుల స్థితిని ప్రతి ఫ్రేములోనూ, అంటే తెర మీద మారే ప్రతి చిత్రానికీ, లెక్కగట్టవలసిన ఆటలు, అంటే విమానయాన సిమ్యులేటర్లు, పెద్ద కర్మాగారాలను కట్టే ఆటలు, నాగరికతలను నడిపే వ్యూహ ఆటలు, వందల మంది ఒకే చోట చేరే ఆన్‌లైన్ ఆటలు, ఈ కాష్ వల్ల బాగా లాభపడతాయి. వాటి సమాచారం 32 మెగాబైట్లలో ఇమడదు, 96 మెగాబైట్లలో చాలావరకు ఇముడుతుంది.

నేను ఈ మార్పు వైపు వెళ్లింది ఒక విమానయాన సిమ్యులేటర్ మూలంగానే. పెద్ద విమానాశ్రయానికి చేరువవుతూ విమానాన్ని దించే సమయంలో తెర మీది దృశ్యం ఉన్నట్టుండి ఆగి, తిరిగి కదిలేది. సగటు ఫ్రేముల సంఖ్య చూస్తే ఏ లోపమూ కనిపించేది కాదు. ముందుగా గ్రాఫిక్స్ కార్డు చాలడం లేదేమోనని దానిని మార్చాను. ఆకాశంలో ఎగురుతున్నప్పుడు దృశ్యం మెరుగుపడింది గాని, దిగేటప్పటి ఆ కుదుపు అలాగే ఉండిపోయింది. ఆ తరువాత పరిశీలించి చూస్తే, కుదుపు వచ్చిన క్షణంలో గ్రాఫిక్స్ కార్డు వినియోగం సగానికి పడిపోతోంది. అంటే కార్డు పనికోసం ఎదురుచూస్తోంది, పని అందించవలసిన ప్రాసెసర్ ర్యామ్ కోసం ఎదురుచూస్తోంది. ప్రాసెసర్ మార్చిన రోజున అదే విమానాశ్రయంలో అదే విమానాన్ని దించాను. కుదుపు పూర్తిగా పోయిందని అనలేను, కానీ చేతిలోని నియంత్రణ తప్పిపోతున్నట్టు అనిపించే స్థితి మాత్రం పోయింది. ఆ అదనపు డబ్బుకు తగిన ఫలితం నాకు దక్కిందని అప్పుడే అనిపించింది.

అందుకే సగటు ఫ్రేముల సంఖ్యను మాత్రమే చూసి ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 144 ఫ్రేములంటే దాదాపు 7 మిల్లీసెకన్లు. ఒక్క ఫ్రేముకు 50 మిల్లీసెకన్లు పట్టినా సగటు మీద దాని ప్రభావం కనిపించదు, కంటికి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. పరీక్షా ఫలితాలను చదివేటప్పుడు అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల అంకెను వెతకాలి. 5800ఎక్స్3డీ విలువ చాలా ఆటలలో సగటులో కంటే ఆ అంకెలోనే బాగా బయటపడుతుంది.

రిజల్యూషన్ పెరిగే కొద్దీ ఈ తేడా కరిగిపోతుంది. 4కే తెర మీద భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది కాబట్టి, ఎక్కువ ఆటలలో రెండు ప్రాసెసర్లూ ఒకే ఫలితాన్ని ఇస్తాయి. మధ్యస్థమైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి 1440పీలోనూ అదే జరుగుతుంది. పరీక్షలన్నీ 1080పీలో, మార్కెట్లోని అత్యంత ఖరీదైన కార్డుతో చేయడానికి కారణం ప్రాసెసర్ తేడాను విడదీసి చూపడమే. అది సరైన పద్ధతే గాని, ఆ అంకెలను తన ఇంటి కంప్యూటర్‌కు నేరుగా అన్వయించుకున్న వ్యక్తి తప్పకుండా నిరాశపడతాడు.

ఇప్పుడు ధర సంగతి. విడుదల ధరలను తీసుకుంటే 5700ఎక్స్‌లో ఒక్కో కోర్‌కు 37 డాలర్ల పైచిలుకు, 5800ఎక్స్3డీలో ఒక్కో కోర్‌కు 56 డాలర్లు పడుతుంది. ప్రాసెసర్ ధర 50 శాతం పెరిగింది, ఆటల వేగం 15 లేదా 20 శాతం పెరిగింది. ఈ లెక్కతో చాలామంది 5800ఎక్స్3డీ దండుగ అని తేల్చేస్తారు. నేను ఈ పద్ధతిని ఒప్పుకోను. ప్రాసెసర్ ఒంటరిగా ఆటను నడపదు. కంప్యూటర్‌లోని మిగతా భాగాలన్నిటికీ కలిపి 700 డాలర్లు అవుతుందని అనుకుందాం. అప్పుడు 5700ఎక్స్‌తో మొత్తం 999 డాలర్లు, 5800ఎక్స్3డీతో 1149 డాలర్లు అవుతుంది. మొత్తం ఖర్చు పెరిగింది 15 శాతం మాత్రమే. మనం ఆడే ఆట 15 శాతానికి మించి లాభపడితే ఖర్చు గిట్టుబాటైనట్టే, తక్కువైతే కానట్టే. మిగతా భాగాల ధర పెరిగే కొద్దీ ఖరీదైన ప్రాసెసర్ వైపు త్రాసు మొగ్గుతుంది, చవకైన కంప్యూటర్‌లో అది దుబారా అవుతుంది.

అయితే ఆ లెక్కకు కూడా ఒక షరతు ఉంది. అదే 150 డాలర్లను గ్రాఫిక్స్ కార్డు మీద పెడితే ఎంత లాభం వస్తుందన్న ప్రశ్నను దాటవేయకూడదు. మధ్యస్థమైన కార్డు ఉన్న వ్యక్తికి ఆ సొమ్ముతో ఒక మెట్టు పైకార్డు వస్తుంది, దాని ఫలితం దాదాపు ప్రతి ఆటలోనూ కనిపిస్తుంది. కాష్ ఫలితం కొన్ని ఆటలకే పరిమితం. కొత్తగా కంప్యూటర్ కూర్చుకునే మిత్రులు అడిగినప్పుడు నేను 5700ఎక్స్ తీసుకుని మిగిలిన డబ్బును కార్డుకు కేటాయించమనే చెబుతూ వచ్చాను. సిమ్యులేటర్ల మీదా, వ్యూహ ఆటల మీదా వందల గంటలు గడిపే ఒకరిద్దరికి మాత్రం దీనికి విరుద్ధంగా చెప్పాను.

ధర పట్టీలో కనిపించని ఖర్చులు కొన్ని ఉన్నాయి. రెండు ప్రాసెసర్లకూ పెట్టెలో కూలర్ రాదు. కూలర్‌ను ఎంచుకోవడానికి ఏఎండీ చెప్పే లెక్కలో 65 వాట్ల తరగతికి చెందిన 5700ఎక్స్‌కు చవకైన గాలి కూలర్ ధారాళంగా సరిపోతుంది. 105 వాట్ల తరగతికి చెందిన 5800ఎక్స్3డీకి, పైన చెప్పిన మందం వల్ల, కాస్త పెద్ద కూలర్ అవసరం. ఆటలలో ఇది తీసుకునే విద్యుత్తు నిజానికి ఎక్కువ కాదు, అన్ని కోర్లూ నిండుగా పనిచేసే రెండరింగ్ సమయంలోనే వేడి 90 డిగ్రీల హద్దు వైపు పరుగెడుతుంది. కూలర్‌లో పోయిన డబ్బులో కొంత ర్యామ్‌లో తిరిగి వస్తుంది. 5700ఎక్స్‌తో మంచి ఫలితం రావాలంటే డీడీఆర్4 3600 వేగపు కడ్డీలు, బిగువైన టైమింగులు (సమాచారం ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే తక్కువ జాప్యం) ఉండటం మేలు. 5800ఎక్స్3డీ ర్యామ్ దాకా వెళ్లేదే తక్కువ కాబట్టి సాధారణ 3200 కడ్డీలతోనూ అంతగా వెనకబడదు. రెండింటిలోనూ గ్రాఫిక్స్ భాగం లేదు కాబట్టి విడిగా కార్డు తప్పనిసరి.

ఏఎం4 సాకెట్ మదర్‌బోర్డు ఇప్పటికే ఉన్నవారి విషయం వేరుగా చూడాలి. 2017 నాటి కొన్ని బోర్డులు సైతం బయాస్ మార్చుకుంటే ఈ రెండు ప్రాసెసర్లనూ స్వీకరిస్తాయి. అటువంటి వ్యక్తికి అసలు పోలిక ఈ రెండింటి మధ్య కాదు, 5800ఎక్స్3డీకీ కొత్త ఏఎం5 సాకెట్‌కూ మధ్య. 2023 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 7800ఎక్స్3డీ విడుదల ధర కూడా 449 డాలర్లే, కానీ దానికోసం కొత్త మదర్‌బోర్డు, కొత్త డీడీఆర్5 ర్యామ్ కొనాలి. బోర్డునూ ర్యామ్‌నూ నిలుపుకుంటూ ఒక్క ప్రాసెసర్‌ను మార్చి ఇంకొన్నేళ్లు గడపగలగడం 5800ఎక్స్3డీ ఇచ్చే అతి పెద్ద విలువ అని నా అభిప్రాయం. 2024 జనవరిలో ఏఎండీ అదే 96 మెగాబైట్ల కాష్‌తో, 4.1 గిగాహెర్ట్జ్ గరిష్ఠ వేగంతో రైజెన్ 7 5700ఎక్స్3డీని 249 డాలర్లకు విడుదల చేసింది. పేరు చూసి దీన్ని 5700ఎక్స్‌గా పొరబడే ప్రమాదం ఉంది, కొనేటప్పుడు చివరి రెండు అక్షరాలను జాగ్రత్తగా చదవాలి. విడుదల ధరల ప్రకారం చూస్తే, ఆటల కోసమే కొనేవారికి నా దృష్టిలో ఈ మూడు ఏఎం4 ప్రాసెసర్లలో ఎక్కువ గిట్టుబాటైనది అదే. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీలో కాష్ పొరను కోర్ల కిందకు మార్చి వేడి సమస్యను చాలావరకు తీర్చారు, కానీ అది ఏఎం5 సంగతి.

మీకు అదనపు కాష్ అవసరమా కాదా అన్నది కొనకముందే పరీక్షించుకోవచ్చు. మీరు ఎక్కువగా ఆడే ఆటను తెరిచి, మిమ్మల్ని ఇబ్బంది పెట్టే సన్నివేశానికి వెళ్లి, ఫ్రేముల సంఖ్యను రాసుకోండి. తరువాత వేరే ఏ సెట్టింగూ మార్చకుండా రిజల్యూషన్‌ను ఒక మెట్టు తగ్గించి మళ్లీ చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే మీ అడ్డంకి గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ మీద డబ్బు పెట్టడం వ్యర్థం. సంఖ్య దాదాపు కదలకపోతే అడ్డంకి ప్రాసెసర్ వైపు ఉంది. ర్యామ్ వేగాన్ని బయాస్‌లో తగ్గించి చూడటం ఇంకొక ఉపాయం. దాంతో ఫ్రేములు గణనీయంగా పడిపోతే మీ ఆట మెమరీ కోసం ఎదురుచూసే రకం, దానికి పెద్ద కాష్ తప్పకుండా ఉపకరిస్తుంది. కుదుపుల వేటలో పడిన నేను గ్రాఫిక్స్ కార్డు కొనడానికి ముందే ఈ పది నిమిషాల పరీక్ష చేసి ఉంటే, ఆ ఖర్చును కొన్నాళ్లు వాయిదా వేసుకునేవాణ్ణి.

వాడిన ప్రాసెసర్ తీసుకునేవారికి ఒక జాగ్రత్త. ఏఎం4 ప్రాసెసర్ల అడుగున 1331 పిన్నులు ఉంటాయి, అవి బోర్డు మీద కాక ప్రాసెసర్‌కే ఉంటాయి. వెలుతురులో పక్కవాటుగా పట్టుకుని నాలుగు వైపుల నుంచీ వరుసలు తిన్నగా ఉన్నాయో లేదో చూడాలి. పాత కూలర్‌ను తీసేటప్పుడు, వేడిని కూలర్‌కు చేరవేసేందుకు మధ్యలో పూసి ఎండిపోయిన పేస్టు పట్టు వదలక ప్రాసెసర్ దానితోపాటే సాకెట్ నుంచి ఊడి రావడం ఈ తరగతిలో తరచుగా జరుగుతుంది. కాసేపు భారమైన పని నడిపి, పేస్టు వెచ్చబడ్డాక కంప్యూటర్‌ను ఆపి, కూలర్‌ను పైకి లాగకుండా ముందు మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి. నా 5700ఎక్స్‌ను అలాగే తీసి రెండో కంప్యూటర్‌లో పెట్టాను, ఈ రోజుకీ రెండరింగ్ పనులన్నీ అదే చేస్తోంది.